బదులావిడ

పోయిన వారం నాచమ్మని మెట్ల మీద నిలబెట్టి, ఫోను చెవికి ఆనించి, మన దారిన మనం వెళ్లిపోయాం. పాపం వారమంతా అక్కడే నిలబడి ఉందేమోనని బెంగపడ్డవాళ్లు ఊపిరి పీల్చుకోవచ్చు. మనకి వారమైనా ఆమెకి గుటక మింగినంత సేపే అయింది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నాచమ్మ అనేది అసలు పేరు కాదు. తడి గోడల మీదా రాళ్ల మీదా పెరిగే నాచు మీద ఆమె పరిశోధన చేస్తుంది. అందుకని మొగుడు ముద్దుగా పెట్టుకున్న పేరు అది, ఆయన ఒక్కడే అలా పిలుస్తాడు. మనం ఆయన దగ్గర అరువు తెచ్చుకున్నాం. ఏడాదికోసారి బతిమాలి పొడిగించుకునే కొలువులో ఆమె జుట్టు నెరవడం మొదలైంది. అప్పుడు కొన్ని ప్రభుత్వాలు కలిసి పరిశోధకుల రాకపోకల పథకం అని ఒకటి తెచ్చాయి. వేరే దేశం వెళ్లి కొన్నాళ్లు పనిచేసి వస్తే ఇక్కడ కొలువు పర్మినెంటు చేస్తారు. సర్వీసు పోదు, పింఛను పోదు. అన్నిటికన్నా ముఖ్యంగా ఇల్లు చెదరదు. ఎందుకంటే వెళ్లినవాళ్ల చోటుని ఒక్క పూట కూడా ఖాళీగా ఉంచరు. ఇంకో దేశం నుంచి ఒకరు వచ్చి అదే బల్ల దగ్గర కూర్చుంటారు, అదే ఇంట్లో ఉంటారు, పిల్లాజెల్లా ఉంటే చూసుకుంటారు. వెళ్లేవాళ్లకీ వచ్చేవాళ్లకీ భాషతో సహా అన్నీ నేర్పించి మరీ పంపుతారు. విన్నవాళ్లందరికీ అరచేతిలో వైకుంఠం కనిపించింది. నాచమ్మకీ కనిపించింది.

అలా మొగుణ్ణీ, ఒక్కగానొక్క కూతుర్నీ బదులావిడకి అప్పగించి ఆమె ఈ దేశం వచ్చింది. ఇక్కడ బదులావిడ ఖాళీ చేసి వెళ్లిన ఇంట్లో, ఆవిడ ముసలితల్లిని ఆవిడ నేర్పినట్టే చూసుకుంటూ ఉంటోంది. గడువు అయిపోవచ్చింది. ఇంటికి వెళ్లబోతున్నానన్న సంబరం పట్టలేక, మామూలుగా చేసే ఆదివారం దాకా ఆగకుండా మధ్యలోనే ఇంటికి ఫోను కలిపింది. కూతురు ఎత్తింది. "అమ్మ స్నానం చేస్తోందండీ, ఎవరు మాట్లాడుతున్నారని చెప్పమంటారు?" అంది. అక్కడ ఆపాం.

"చిట్టీ, నేనే. అమ్మని" అంది నాచమ్మ.

అటువైపు పిల్ల ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అమ్మా! ఎవరో ఆంటీ! అమ్మనంటోంది!" అని కేకేసింది. ఆ కేకలో వెటకారం లేదు, అలక లేదు. తప్పు నంబరు వచ్చినప్పుడు పిల్లలు పెద్దవాళ్లని పిలిచే మామూలు కేక. ఆదివారాల్లో పిల్ల ఫోను దగ్గరికి రావడం ఎప్పుడో తగ్గించింది. ఆడుకుంటోందిలే, నిద్రపోతోందిలే అని మొగుడు చెబితే ఆమె సరేననుకుంటూ వచ్చింది.

తడి కాళ్ల చప్పుడు దగ్గరికొచ్చింది. ఫోనులో బొమ్మ వెలిగింది. బదులావిడ తలకి తువ్వాలు చుట్టుకుని ఉంది. ఆ తువ్వాలు కొసని మెడ మీద నుంచి తెచ్చి ఎడమ భుజం మీద ముడి వేసుకుంది. నాచమ్మ వేసుకునే ముడే అది. ఆమె వెనకాల కనబడుతున్న కిటికీ నాచమ్మది, ఆ కుర్చీ నాచమ్మది. కుర్చీ వీపు మీద ఆరేసిన చిన్న గౌను మాత్రం ఆమె ఎరగనిది. పిల్ల ఎదిగిపోయింది మరి.

"ఇవాళ చేస్తారనుకోలేదండీ" అంది బదులావిడ.

"పిల్ల మిమ్మల్ని అమ్మా అంటోంది."

"అవునండీ."

"ఆంటీ అని పిలిపించమని మీకు వందసార్లు చెప్పి వచ్చాను."

"చెప్పారు. చాలా రోజులు అలాగే పిలిపించాను. కానీ మిగతావన్నీ మీరు నేర్పినట్టే చేస్తూ వచ్చాక ఆ ఒక్కటీ విడిగా నిలబడలేదండీ. ఒకరోజు దానంతట అదే జారిపోయింది." ఆవిడ గొంతులో గెలిచినట్టూ లేదు, తప్పు చేసినట్టూ లేదు. ట్రేలో నాచు ఎప్పుడు పచ్చబడిందని అడిగితే చెప్పినట్టు చెప్పింది.

ఇక్కడ నాచమ్మ చేసిన పొరపాటు గురించి చెప్పుకోవాలి. ఇలాంటి పొరపాటు మామూలు ఇల్లాలు చెయ్యదు, చెయ్యమన్నా చేతకాదు. పరిశోధన చేసేవాళ్లకి ఒక పట్టింపు ఉంటుంది. పద్ధతి ఎంత విడమరిచి నేర్పాలంటే, ఎవరు చేసినా, ఎక్కడ చేసినా, అదే ఫలితం రావాలి. రాకపోతే పని పనే కాదు. ఇల్లు అప్పగించడానికి పథకం వాళ్లు ఇచ్చిన రోజుల్లో నాచమ్మ ఆ పట్టింపుని ఇంట్లోకి తెచ్చింది. బదులావిడని పక్కన నిలబెట్టుకుని జడ ఏ పక్క నుంచి మొదలెట్టాలో చేయించింది. వెక్కిళ్లు వస్తే వీపు మీద ఎక్కడ రాయాలో చేయి పట్టి చూపించింది. నిద్రపుచ్చడానికి తను అల్లిన నత్త పెళ్లి కథలో ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ముందుగా తనే నవ్వేయాలో కూడా నేర్పింది. తేడా వచ్చినచోట మళ్లీ చేయించింది. తనకి తెలియకుండానే అమ్మతనానికి ఒక పద్ధతి రాసిచ్చినట్టు ఇచ్చేసి, తల్లిగా తన బాధ్యత తీరిందని తృప్తిగా విమానం ఎక్కింది. ఇప్పుడు ఫలితం వచ్చింది. అచ్చం అదే ఫలితం.

"నాచమ్మా! పాలు పొంగుతున్నాయి చూడు!" అని వంటింట్లోంచి మొగుడి గొంతు వినబడింది.

"ఆ, వస్తున్నా!" అంది నాచమ్మ.

"ఆ, వస్తున్నా!" అంది బదులావిడ.

రెండు గొంతులూ ఒక్కసారే లేచాయి. ఎక్కడ సాగదీయాలో అక్కడే సాగి, ఎక్కడ ఆగాలో అక్కడే ఆగాయి. నాచమ్మ మెట్ల కమ్మీని గట్టిగా పట్టుకుంది. అటువైపు ఆవిడ కూడా తన వెనకాల కుర్చీని పట్టుకోవడం బొమ్మలో కనబడింది.

పాలు ఆయనే దింపుకున్నట్టున్నాడు, చేతులు తుడుచుకుంటూ గదిలోకి వచ్చాడు. ఫోనులోకి తొంగిచూశాడు. మనిషి కాస్త లావయ్యాడు, మొహం తేటగా ఉంది.

"ఓ, మీరా! బాగున్నారాండీ?" అన్నాడు తన పెళ్లానితో. "అక్కడ పెద్దావిడ ఎలా ఉన్నారు? మోకాళ్ల నొప్పులు తగ్గాయా?"

పెళ్లయినప్పటి నుంచి ఆ మనిషి నాచమ్మని మీరు అన్నది లేదు. కోపం వచ్చినప్పుడు కూడా నువ్వు అనే అరిచాడు. ఆమె ఆయన్ని పేరు పెట్టి పిలిచింది, ఒరేయ్ అని కూడా అంది. వాళ్లిద్దరికే తెలిసిన ముద్దుమాట ఒకటుంటే సిగ్గు విడిచి అదీ అంది. ఆయన కంగారుపడి పక్కనున్న ఆవిడ వైపు చూశాడు. ఊరికే వచ్చి మీద పడే మనిషి నుంచి తప్పించమన్నట్టు చూశాడు. బదులావిడ ఫోను అందుకుని పడకగదిలోకి వెళ్లి తలుపు వేసింది.

"నా కాపురం నాకిచ్చెయ్యండి" అంది నాచమ్మ. ఏడుపు వచ్చేసింది. "మీ గడువూ అయిపోయింది, నాదీ అయిపోయింది. మీ అమ్మ దగ్గరికి మీరు పొండి. నా పిల్ల దగ్గరికి నన్ను రానివ్వండి."

"నేను మాత్రం ఉండిపోదామని వచ్చానాండీ?" ఆవిడ కళ్లలోనూ నీళ్లున్నాయి. "మా అమ్మ కావాలి, పంపించండి అని పథకం ఆఫీసులో ఎన్నిసార్లు మొత్తుకున్నానో. అక్కడ మీ చోటు ఖాళీ లేదమ్మా, వచ్చినావిడ బ్రహ్మాండంగా కుదిరిపోయింది, పెద్దావిడకి ఏ లోటూ లేదు అంటున్నారు. మీరు మా అమ్మకి తల రుద్దేటప్పుడు చెవుల వెనక బొటనవేలితో నొక్కుతున్నారు కదా? నేను మీకు నేర్పినట్టే?"

నాచమ్మ నొక్కుతోంది మరి. నొక్కితే ముసలమ్మ కళ్లు మూసుకుని హాయిగా నిట్టూరుస్తుంది. ఆ నిట్టూర్పు వినడం నాచమ్మకి ఇష్టం. మొదట్లో అమ్మగారూ అనేది, ఎప్పటి నుంచో అమ్మా అంటోంది. ఎప్పటి నుంచో ఆమెకే తెలియదు.

"మీరు కొంచెం సరిగ్గా చేయకుండా ఉండాల్సింది" అని గొణిగి బదులావిడ ఫోను పెట్టేసింది.

నాచమ్మ మెట్లెక్కి ఇంట్లోకి వచ్చింది. ఇంకా పొద్దు ఉంది. కిటికీలోంచి పరిశోధనాలయం గాజుగది కనబడుతోంది, అందులో ఆమె ట్రేలు వరసగా, పచ్చగా ఉన్నాయి. ముసలమ్మ కిటికీ పక్కన పడక కుర్చీలో కూర్చుని, ఒళ్లో గిన్నె పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది. చూపు సరిగ్గా ఆనదు, వేళ్లకే అన్నీ తెలుసు. నాచమ్మ అడుగుల చప్పుడు విని మొహం ఇటు తిప్పింది.

"ఎవరితోనే అంత పోట్లాట? మెట్ల మీంచి ఇక్కడిదాకా వినబడింది."

"మీ అమ్మాయితో."

"ఏ అమ్మాయి?"

"అదేంటమ్మా, మీ అమ్మాయే. నా ఇంట్లో ఉన్నావిడ. ఇక్కడికి రావాలని ఏడుస్తోంది. నేనే అడ్డంగా ఉన్నానట." నాచమ్మ నేల మీద కూలబడింది. "నేను మీ కూతుర్ని కానని పథకం వాళ్లకి చెప్పండి. నేను బాగా చూసుకోవడం లేదని చెప్పండి, అన్నం పెట్టడం లేదని చెప్పండి, మీ ఇష్టం. మీ మాట వింటారు. మీ కన్నకూతురు వస్తుంది, నేను పోతాను."

ముసలమ్మ వేళ్లు ఆగిపోయాయి. ఒక గింజ గిన్నెలో పడకుండా నేల మీద దొర్లిపోయింది.

"నువ్వు నా కూతురివి కాదని నాకెప్పుడూ తెలుసు తల్లీ. కళ్లు పోయినంత మాత్రాన అది తెలియదా?" అంది. "ఆవిడా కాదు."

"ఎవరు?"

"నీ ఇంట్లో ఉందే, ఆవిడ. అదీ నీలాగే వచ్చింది. పెట్టె పట్టుకుని, అమ్మగారూ అమ్మగారూ అంటూ. ఇంటి దగ్గర తమ్ముడున్నాడని, వాడికి కాలు బాగుండదని వచ్చిన కొత్తలో రోజూ వాడి కబుర్లే. తర్వాత్తర్వాత తగ్గాయి. ఒకరోజు నేనే, మీ తమ్ముడెలా ఉన్నాడే అని అడిగితే, నాకు తమ్ముడెవరమ్మా అంది. హాస్యమాడుతోందనుకున్నా. కాదు."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్లిపోయారు.

"నా కడుపున పుట్టింది అందరికన్నా ముందు వెళ్లింది" అంది ముసలమ్మ. "కొలువు ఖాయమవుతుంది, తొందరగా వచ్చేస్తానంది. దాని చోట ఒకామె వచ్చింది. గడువు అయ్యాక ఆమె ఇంటికని బయలుదేరింది, నా కూతురు మాత్రం రాలేదు, ఇంకొకామె వచ్చింది. అడిగితే ఏమన్నారో తెలుసా? మీ దగ్గర చోటు ఖాళీ అయితే కదా అమ్మా మీ అమ్మాయి వచ్చేది అన్నారు. ఎప్పుడూ ఖాళీ అవ్వదు. ఎవరి చోటూ ఖాళీగా ఉండదు, అందుకని ఎవరూ తమ చోటికి పోలేరు. పక్కచోటికి జరుగుతారు, అంతే. నీ ఇంట్లో ఉన్నావిడని కూడా ఇక్కడి నుంచి తమ్ముడి దగ్గరికే పంపుతున్నామని నాతో చెప్పారు, తమ్ముణ్ణి మరిచిపోయిన అది కొలువు కోసమనుకుంటూ సంబరంగా కారెక్కింది. దిగింది మీ ఇంట్లో."

"మరి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేం?" అంది నాచమ్మ.

ముసలమ్మ సిగ్గుపడింది. మొహం కిందికి దించుకుంది. "చెప్తే మీరంతా వెళ్లిపోతారు. నాకెవరు నీళ్లు పోస్తారు? అమ్మా అని ఎవరు పిలుస్తారు? పాపిష్టిదాన్ని, నోరు మూసుకున్నాను. తిట్టుకోవే. తిట్టుకుంటే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది."

తిట్టాలనే నాచమ్మకీ ఉంది. నాకు సొంత అమ్మ లేదనుకున్నావా అని మొదలుపెట్టబోయి ఆగిపోయింది. తన కన్నతల్లి మొహం గుర్తుతెచ్చుకోబోయింది. వంటింట్లో నిలబడి ఎలా ఉండేది? ఏ పక్క తిరిగి ఉండేది? మనసులో ఒక కిటికీ మెదిలింది, దాని పక్కన పడక కుర్చీ, కుర్చీలో బఠాణీలు ఒలుస్తున్న చేతులు. అది కాదు, అది ఇక్కడిది. ఇంకా వెనక్కి వెళ్లింది. చిన్నప్పుడు జారిపడి మోకాలు చీరుకున్న మెట్లు గుర్తొచ్చాయి, ఇనుప కమ్మీ ఉన్న మెట్లు. ఇందాక తను నిలబడి మాట్లాడిన మెట్లే అవి. నాచమ్మకి ప్రాణం పోయినంత భయం వేసింది. కూతురి మొహం కళ్లముందుకి తెచ్చుకుంది. వచ్చింది, అమ్మయ్య, వచ్చింది. ముక్కు మీద పుట్టుమచ్చ ఉండేది. కుడివైపా, ఎడమవైపా అన్నది మాత్రం తేలలేదు.

ఇప్పుడు ఆమెకి కావలసింది ఒక్కటే. ఉన్న ఆ కాస్తా చెరిగిపోకముందే తన గుమ్మం ముందు దిగాలి. పిల్ల తనని గుర్తుపట్టకపోయినా సరే, తను పిల్లని గుర్తుపట్టాలి.

తలుపు గంట మోగింది.

ముసలమ్మ ఉలిక్కిపడలేదు. గిన్నె పక్కన పెట్టి, జుట్టు సవరించుకుని, కొంగు సర్దుకుంది. చుట్టాలొస్తారని ముందే తెలిసినవాళ్లు చేసే పని అది. నాచమ్మ లేచి వెళ్లి తలుపు తీసింది. గుమ్మంలో ఒకామె పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. తనకన్నా వయసులో చిన్న, ప్రయాణంలో నలిగిన బట్టలు, మొహం నిండా ఆశ. వెనకాల రెండో పెట్టె మోసుకుంటూ పథకం వాళ్ల డ్రైవరు.

"నమస్తే అక్కా. మీ చోటుకి నన్ను పంపారు" అంది ఆమె. "నేనూ నాచు మీదే పనిచేస్తాను. మీ ట్రేల గురించి అక్కడ అందరూ గొప్పగా చెప్పారు."

నాచమ్మ ఏదో అనబోయేంతలో వచ్చినామె చేతిలో ఫోను మోగింది. ఆమె మొహం వెలిగిపోయింది. "ఒక్క నిమిషం అక్కా, మా పాప" అంటూ ఎత్తింది. "అమ్మా, చేరిపోయావా? ఆంటీ నాకు జడ వేసింది, అచ్చం నువ్వు వేసినట్టే వేసింది!" అని సన్నటి గొంతు గుమ్మమంతా వినబడింది. "నేర్పించే వచ్చాను కదరా బంగారం" అని నవ్వి, ముద్దు పెట్టి, ఆమె ఫోను దించింది. "అన్నీ దగ్గరుండి చేయించి మరీ వచ్చానక్కా. ఎక్కడా తేడా రాకూడదు చూడండి" అంది గర్వంగా.

కొత్తామెకి ఒక కాలు గడపకి ఇవతల ఉంది, ఒక కాలు అవతల. వెనక్కి తిరిగి పారిపో అని ఒక్క మాట అంటే చాలు. ఆ పాపకి వాళ్లమ్మ మిగులుతుంది. కానీ ఆమె రాకపోతే ఈ చోటు ఖాళీ అవుతుంది, ఖాళీగా ఉంచరు కాబట్టి నాచమ్మని ఇక్కడి నుంచి కదలనివ్వరు. వస్తే కదలనిస్తారు. తన ఇంటికి కాదని ముసలమ్మ చెప్పింది. కానీ ముసలమ్మ మాట నిజమేనని ఎవరు చూశారు? కళ్లు కనబడని మనిషి, ఒంటరిది, పెద్దది. ఈసారి ఇంటికే పంపుతారేమో. తనకి ఇంకా అన్నీ గుర్తున్నాయి కదా, తను మిగతావాళ్లలాంటిది కాదు కదా. మనిషికి ఆశ పుడితే ఎంత అబద్ధమైనా నోట్లో వేసుకుని మింగేస్తాడు. మనం నాచమ్మని తిట్టుకోనక్కర్లేదు, మన పిల్ల అయితే మనమూ మింగేవాళ్లం.

"రండి, లోపలికి రండి" అంది నాచమ్మ. చెయ్యి చాచి ఆమె చేతిలో పెట్టె అందుకుంది. "అమ్మకి తల రుద్దేటప్పుడు చెవుల వెనక బొటనవేలితో నొక్కాలి. నేను చూపిస్తాను."

అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. వచ్చినామె గడప దాటింది. కిటికీ దగ్గర నుంచి ముసలమ్మ, "రా తల్లీ, వచ్చావా" అంది. నాచమ్మతో ఇన్నాళ్లూ మాట్లాడిన గొంతే అది, అంతే ప్రేమగా ఉంది.

డ్రైవరు రెండో పెట్టె లోపల పెట్టి, నుదురు తుడుచుకుని, మంచి కబురు మోసుకొచ్చిన మనిషిలా నవ్వాడు.

"తొందరేం లేదు మేడమ్. మీరు నిదానంగా అన్నీ అప్పగించుకోండి, రెడీ అయ్యాక చెప్తే కారు తెస్తాను. మీ ఇంట్లో మాత్రం ఇందాకే చెప్పేశాను, అమ్మ వచ్చేస్తోందని. మీ బాబు ఎగిరి గంతేశాడు మేడమ్. ఫోను పెట్టనిస్తే కదా! రెండు చేతులూ ఆడిస్తూ ఒకటే అరుపులు."

నాచమ్మకి ఉన్నది ఒక్కతే కూతురు.